చెవిలో చరణం

మొన్న ఆదివారం ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. ముంబయిలోని మా వర్లీ సంఘంలో ఇప్పుడు పాటల పుస్తకాలు ఎవరూ తేవడం లేదు. గోడ మీద తెర, తెర మీద పాట, అదీ తెలుగు మాటలే గాని ఇంగ్లీషు అక్షరాల్లో, ఎందుకంటే మా పిల్లల్లో తెలుగు చదవగలిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తెర ఆరిపోగానే రెండో చరణం సగంలో పాట తెగింది, అందరూ ఖాళీ గోడకేసి చూస్తూ నిలబడిపోయారు. నా నోరు మాత్రం నన్నడగకుండానే తరవాతి పాదాన్ని గట్టిగా చెప్పేసింది, చెప్పాక నాకే సిగ్గేసింది. అయితే ముందు వరసలోని ఇద్దరు ముసలివాళ్లు వెనక్కి తిరగకుండానే దాన్ని అందుకుని పాడారు. మా ఈడువాళ్లకు ఆ పద్ధతి గుర్తుంటుంది.

ఎనభైలలో మేము కామాటిపురాలో, ఫోరస్ రోడ్డుకు దగ్గరగా, వరస గదులున్న ఒక చాల్‌లో ఒంటిగది ఖోలీలో ఉండేవాళ్లం. నాయన పాలమూరు నుంచి వచ్చిన తాపీపనివాడు, అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. ఆదివారం మధ్యాహ్నం మంచాన్ని నిలబెట్టి గోడకు ఆనించి, చాపలు పరిస్తే మా ఖోలీయే గుడి అయ్యేది. పాస్టరు గారు గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగి, ఎండనక వాననక నడిచి వచ్చేవారు. కూడేవాళ్లలో ఎక్కువమంది చదువురాని ఆడవాళ్లు కాబట్టి పాటకు అమ్మే ఆధారం. ఒక్కో పాదాన్ని ముందు మాటల్లో చెప్పేది, వాళ్లు దాన్ని రాగమెత్తి పాడేవాళ్లు, వాళ్లు ఊపిరి తీసుకునే సందులో తరవాతి పాదం పడేది. దీన్ని అందించడం అనేవాళ్లం. అమ్మకు ఎన్ని పాటలు నోటికి వచ్చునో ఎవరికీ తెలియదు గాని, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని వరండాలో ఆమె పాడుతుంటే, పక్క ఖోలీలో పోచమ్మను కొలిచే అవ్వ కూడా తన చాట తెచ్చుకుని పక్కన చేరి కూనిరాగం తీసేది. పాట మీదే గాని, దరువు మాది అని వేళాకోళం చేసేది.

నాకు పదేళ్లప్పుడు అమ్మ మెడ మీద గడ్డ లేచింది. మొదట ఉసిరికాయంత ఉండి, పెరిగి పెరిగి ఊపిరికే అడ్డం వచ్చింది. కోసి తీయకపోతే ప్రాణానికి ముప్పు, తీస్తే గొంతు పోయినా పోవచ్చని సర్కారు దవాఖానలో డాక్టరు ముందే చెప్పాడు. ఆ మాట విన్న రోజు నుంచి మా ఖోలీలో ప్రార్థన తప్ప వేరే మాట లేదు. పాస్టరు గారు ఉపవాసముండి ప్రార్థించారు, ఆడవాళ్లు కన్నీళ్లతో ప్రార్థించారు. అమ్మ ప్రార్థన మాత్రం పొట్టిది. ప్రాణం నీ ఇష్టం, పాట మటుకు ఉంచు. అది మేమందరం విన్నాం.

ప్రాణం నిలిచింది, పాట పోయింది. కట్టు విప్పాక అమ్మ నోటినుంచి గాలి తప్ప గొంతు రాలేదు. నాకు దేవుడి మీద కోపం వచ్చింది, దాచడం దేనికి. అడిగింది ఇవ్వలేదని కాదు, అంతమంది అడిగితే ఇవ్వలేదని.

అమ్మ ఇంటికి వచ్చాక మొదటి ఆదివారం పాట అందించే పని పాస్టరు గారు తన మీద వేసుకున్నారు. పాపం ఆయనది ప్రసంగాల గొంతు, ఒక్కో పాదాన్ని వాక్యం వివరించినట్టు నిదానంగా చెప్పేసరికి ఆడవాళ్లు తీసుకున్న ఊపిరి వదిలేసి మళ్లీ తీసుకోవలసి వచ్చేది. రెండో పాటకు అమ్మ ఇక ఉండబట్టలేక నా రెక్క పట్టి లాగి తన ముందు కూర్చోబెట్టుకుంది. వెనకనుంచి నా చెవిలో ఒక పాదం ఊదింది, వీపు మీద ఒక్కటి తట్టింది. నాకు అర్థమైంది. మునిసిపల్ మరాఠీ బడిలో చదివే నాకు ఆ మాటల్లో సగం తెలియకపోయినా, చెవిలో పడ్డది పడ్డట్టు అరిచేశాను. రాగం కూడా నేనే ఎత్తాననుకోండి, ఎక్కడో ఆకాశంలో ఎత్తాను. ఆడవాళ్ల గొంతులు అందుకోబోయి పగిలిపోయాయి. గడప దగ్గర కూర్చున్న అవ్వ పడీపడీ నవ్వింది.

“మాకు నిచ్చెన వెయ్యి పిల్లా, అంత మీదికి మేమెట్ల రావాలె?”

అమ్మ కూడా నవ్వింది, శబ్దం లేకుండా. ఆపరేషను తరవాత ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు. అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే వరస. అమ్మ నా చెవిలో, నేను ఖోలీలో. పాదం ఎప్పుడు వదలాలో వీపు మీద ఆమె చెయ్యే చెప్పేది.

ఒకనాడు బీడీలు చుడుతూ చుడుతూ అవ్వ నేరుగా అడిగేసింది.

“ఏందే బిడ్డా, ఆయనకు అంత పాడితివి, ఆ గొంతే గుంజుకున్నడు. ఎందుకట్ల జేసిండే?”

“ఎందుకో నాకైతే చెప్పలే అవ్వా,” అంది అమ్మ ఆ గాలి గొంతుతో. “చెప్పలేదని ఇడిసిపెడ్తమా? మా ఇంటాయన సుత నాకు అన్ని జెప్తడా ఏంది?”

అవ్వ చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. పాస్టరు గారితో మాత్రం అమ్మ నవ్వుతూ మాట్లాడలేదు. దేవుని ఉద్దేశం ఇప్పుడు తేటపడిందమ్మా, నీ గొంతు తీసుకుని నీ బిడ్డకిచ్చాడు అని ఆయన సంతోషంగా అన్నప్పుడు, అమ్మ చేతులు కట్టుకుని మర్యాదగానే జవాబిచ్చింది.

“అది మీరు చెప్పకుండ్రి అయ్యగారూ. నేను పోయినంక ఆయన్నే అడుగుత.”

ఆమె రాత్రి ప్రార్థన అంతకుముందు పక్క ఖోలీకి వినిపించేది, ఇప్పుడు పక్కన పడుకున్న నాకే వినిపించేది కాదు. ఇంకా గొంతు కోసమే అడుగుతున్నావా అని ఒకసారి అడిగాను. తల ఊపింది. అడుగుడు నా పని అంది. చివరిదాకా అడుగుతూనే ఉంది, చివరిదాకా రాలేదు.

ఆ చాల్‌లో కూడినవాళ్లు తలోదిక్కు అయిపోయారు. మాకిప్పుడు మైకులున్నాయి, కీబోర్డుంది, పాట ఎత్తు తప్పదు, పాదం మరిచిపోయే భయం లేదు, పక్కవాడి గొంతు వినే అవసరమూ లేదు. మొన్న కూడా చరణం పూర్తికాకముందే కరెంటు వచ్చింది, తలలన్నీ మళ్లీ తెరవైపు లేచాయి. చూడకుండా నీకెలా తెలిసిందని మా మనవరాలు మరాఠీలో నా చెవి దగ్గర అడిగింది. వెనకనుంచి ఒకామె చెప్తుంది అన్నాను. అది నిజమేననుకుని వెనక్కి తిరిగి చూసింది.

ఆ గొంతు ఎందుకు పోయిందో ఇన్నేళ్లయినా నాకూ ఆయన చెప్పలేదు. నేనూ ఇడిసిపెట్టలేదు.