బాబాయి సొరుగులో కళ్ళజోడు

చొక్కా మార్చడానికి బద్ధకించే మా బాబాయి, కంప్యూటర్లో లినక్స్‌ని మాత్రం వారం తిరక్కుండా మార్చేస్తాడు.

లినక్స్ అంటే ఒక్కటి కాదు. కంప్యూటర్‌ని నడిపే ఆ వ్యవస్థను ఎవరైనా ఉచితంగా తీసుకుని, తమకు తోచినట్టు ముస్తాబు చేసి జనం మీదకి వదలొచ్చు. అలా ముస్తాబైన రకాలన్నిటినీ బాబాయి పలకరించాడు. కొన్నిటితో పోట్లాడాడు కూడా.

మా అచ్చాఫీసులో బాబాయి పేజీలు కడతాడు, పిన్ని ప్రూఫులు దిద్దుతుంది, నేను యంత్రం చూసుకుంటాను.

"పేజీలయ్యాయా బాబాయ్?"

"ఒక్క నిమిషంరా, కొత్త లినక్స్ ఎక్కుతోంది."

ఎప్పుడడిగినా ఇదే జవాబు. భోజనానికి రమ్మని పిన్ని పిలిచినా ఇదే.

"నయం, ఇంకా నన్ను మార్చలేదు. అదే పదివేలు" అనేది పిన్ని.

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను. "ఇంత అనుభవం ఉన్నవాడివి! అన్నీ ఒకే తానులో గుడ్డలని నువ్వే అంటావు. మరి మార్చడం దేనికి?"

"గుడ్డ ఒకటేరా. చంక దగ్గర పట్టేస్తుందో లేదో తొడుక్కుంటే కదా తెలిసేది!"

అంతకంటే విడ్డూరం ఇంకోటుంది. కొత్తది ఎక్కించగానే సొరుగులోంచి లావుపాటి కళ్ళజోడు తీసి పెట్టుకునేవాడు. ఆయన కళ్ళు నిక్షేపంగా ఉంటాయి. 'స్వాతంత్ర్యం' అని కొట్టి, దాన్ని తెర మీద గుమ్మడికాయంత చేసి, మూతి ముడిచి, "ఊహూఁ" అని అంతా చెరిపేసేవాడు. పిచ్చి ముదిరిందనుకున్నాను.

ఇలా ఉండగా, ఎప్పట్నుంచో తగ్గుతున్న పిన్ని చూపు మరీ మందగించింది. ఇక అద్దాలు మార్చినా లాభం లేదన్నాడు డాక్టరు. హోటల్ బిల్లులో అక్షరం తప్పు కనిపించినా పెన్ను తీసే మనిషి, ఒకరోజు ప్రూఫు కాగితాలు పక్కన పెట్టేసింది.

"ఈ నెలతో మానేస్తానర్రా. తప్పులు వదిలేసి పరువు తీయలేను."

బాబాయి తెర మీంచి తల తిప్పలేదు.

"ఒక్క నిమిషం, ఎక్కుతోంది."

నాకు ఒళ్ళు మండింది. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది నీ వరస!"

బాబాయి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ఈసారి "ఊహూఁ" అనలేదు. లేచి, తన కుర్చీ పిన్ని వైపు జరిపాడు.

"ఇలా వచ్చి ఇది చదువు."

"స్వాతంత్ర్యం" అని చదివింది పిన్ని. "ఏమండీ, ఒత్తులన్నీ కనిపిస్తున్నాయి!"

"మిగతావాటిలో అక్షరం పెద్దది చేస్తే కింద ఒత్తులు తెగిపోతున్నాయి, లేకపోతే ముద్దయిపోతున్నాయి. ఇందులో నిలబడ్డాయి. ఇక కాగితం వద్దు, తెర మీదే దిద్దు" అంటూ ఆరోజు పేజీ తెరిచి పెట్టాడు.

పిన్ని ఆయన ముఖంలోకి తేరిపార చూసింది.

"ఆ కళ్ళజోడు నా పాతది కదూ? ఇల్లంతా వెతికాను, కాళ్ళొచ్చి నడిచిపోయిందా అనుకున్నాను!"

"నా కళ్ళకిది పెడితే నీకు కనిపించినంతే కనిపిస్తుంది" అన్నాడు బాబాయి, దొంగ దొరికినట్టు. "నీకేది కుదురుతుందో నాకు తెలియాలి కదా."

పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుని, తెర మీద వేలు పెట్టింది.

"ఈ రెండో లైన్లో దీర్ఘం పోయింది. చూసుకోవద్దూ?"

తిట్టు తిని అంత సంబరపడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు. పిన్నికి ఇదే లినక్స్‌తో వేరే కంప్యూటర్ పెడతానని, దాన్ని ఎప్పటికీ మార్చనని అప్పటికప్పుడు ఒట్టేశాడు. తన కంప్యూటర్ ఊసు మాత్రం ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే అలవాటుగా అడిగాను. "పేజీలయ్యాయా బాబాయ్?"

ఆయన నోరు తెరిచేలోగా పిన్ని నన్ను కసురుకుంది.

"ఒక్క నిమిషం ఆగలేవురా? ఎక్కనీ!"