ఎలీనా బాడిస్ తాళ్లు, నేను చెప్పని మాట

2023లో నేను మస్కట్‌లో ఒక ఒపెరా థియేటర్‌లో డ్రస్సర్‌గా పనిచేస్తున్నాను. గాయనులకు వేషం తొడిగి, బిగించి, అంకాల మధ్య మార్చే పని. మాది కాకినాడ. అప్పటికి ఆ డ్యూటీలో పదకొండేళ్లు.

ఎలీనా సొప్రానో, అంటే ఆడగొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయిలో పాడే గాయని. మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడది పనిమనిషి వేషం. తర్వాత నాయిక అయింది, పాపను కంది, కొన్నాళ్లు మానేసి మళ్లీ పాడింది. ఆవిడ నడుము ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో అంతా నా కొలతల కార్డులో ఉంది. ఎప్పుడొచ్చినా నేనే తొడగాలి. ఆవిడేదో నా సొత్తయినట్టు ఉండేదాన్ని.

ఆ ఏడాది నా ఎదుటే సూపర్‌వైజర్‌తో, "ఈసారి సరితను ఇవ్వండి. కబుర్లు చెబుతుంది, నా బెదురు తగ్గుతుంది" అంది. వయసు మీదపడి గొంతు పోతుందేమోనని ఆవిడ బెదురు. సరిత నిజామాబాద్ అమ్మాయి, భర్తది బహ్లా అనే ఊళ్లో బిల్డింగ్ సైట్ డ్యూటీ. చేరి ఏడాది కాలేదు, పని నేర్పింది నేనే. నాకు ఒళ్లు మండిపోయింది. వారమంతా వాళ్లిద్దర్నీ చూసి కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.

పూర్తి వేషాలతో చేసే చివరి రిహార్సల్ నాడు సరిత వచ్చి అడిగింది.

"అక్కా, ఆఖరి సీన్‌కు బాడిస్ తాళ్లు గిట్లనే ఉంచాల్నా? ఏమన్న సదరాల్నా?"

బాడిస్ అంటే వెనక తాళ్లతో బిగించే గట్టి రవిక. ఆఖరి పాట ఎలీనా మోకాళ్ల మీద కూర్చుని పాడుతుంది. కూర్చుంటే బాడిస్ పైకి జరిగి పక్కటెముకల్ని నొక్కుతుంది, ఊపిరి చాలదు. అందుకని ఈ ఒపెరా ఆవిడ ఎప్పుడు పాడినా, పైన శాలువా కప్పేటప్పుడే తాళ్లు రెండు వేళ్లంత వదులు చేసేదాన్ని. ఆ సంగతి ఎలీనాకు తెలియదు, కార్డులోనూ లేదు.

"నిన్నే కదా కావాలన్నారు. నువ్వే చూసుకో" అన్నాను.

ఆఖరి పాటలో పైస్వరం మధ్యలోనే తెగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ తెగింది. ఎలీనా గదిలోకొచ్చి కుర్చీలో కూలబడింది.

"నా పని అయిపోయింది. రేపు కవర్‌ను పాడమనండి. నేనింక ఎక్కడా పాడను."

కవర్ అంటే ప్రధాన గాయని పాడలేనప్పుడు ఎక్కే గాయని. సరిత "నేనేం తప్పు జేసిన అక్కా?" అని ఏడుస్తోంది. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. మరుక్షణం, పాట మానేస్తున్నానని చెప్పడానికి ఎలీనా తన ఇంటికి ఫోన్ చేయబోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

"గొంతు కాదు మేడమ్, తాళ్లు. వదులు చెయ్యాలని తెలిసీ చెప్పలేదు."

"ఎందుకు?"

"మీరు సరితను అడిగారని."

ఆవిడ లేచి వీపు సరిత వైపు తిప్పింది. "ఎంత వదలాలో ఆమె చెబుతుంది. నువ్వు వదులు చెయ్యి" అంది. తివాచీ మీద మోకరిల్లి పాడింది. స్వరం నిండుగా పలికింది.

అప్పట్నుంచి నా చేతికి తెలిసినవన్నీ కార్డుల్లో రాస్తున్నాను. అసూయ పోయిందా అంటే, పోలేదు. ఎలీనా మళ్లీ వచ్చినప్పుడూ సరితనే అడిగింది. డ్యూటీ చార్టులో వాళ్ల పేర్లు పక్కపక్కన చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ మంట నాది, నేనే పడతాను. అది ఇంకొకరి ఊపిరికి అడ్డం పడకుండా చూసుకోవడమే నేను నేర్చుకున్నది.