అవ్వ నెత్తిన కొంగు కప్పుకున్న పాట

ఎనభైల చివర్లో ఒక చెరుకు సీజనంతా బోధన్‌లో ఆ పాట వినిపించని చోటు లేదు. చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర నుంచి రోడ్డు పొడవునా చెరుకు బండ్లు బారులు తీరి ఉండేవి. బండ్లవాళ్ళు చాయ్ తాగే హోటల్లో టేపు అరిగేదాకా అదే వేసేవారు. పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండువాళ్ళు అదే వాయించేవారు. వానలో తడుస్తూ హీరో హీరోయిన్లు పాడుకునే పాట అది. ఆ సంగతి నాకు బడిలో పిల్లలు చెబితే తెలిసింది. మా ఇంట్లో సినిమా చూడనిచ్చేవారు కాదు. మేము నేర్చుకున్న పాటలన్నీ చర్చిలో ఆదివారం ఆరాధనవి, ఏటా జరిగే క్రైస్తవ జాతర కూటాలవి.

అయినా చెవులు మూసుకుని తిరగలేం కదా. మా అక్క ఇంట్లో బట్టలు కుట్టేది, సంఘంలో ఆడవాళ్ళ పాటలకు ముందుండేది. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆ రాగం మీదనే మాటలు కట్టింది. చలికి మంట వేసుకుని కూర్చున్న గొల్లలకు యేసు పుట్టాడన్న శుభవార్త అందే పాట. అక్క సొంతంగా కట్టిన మొదటి పాట అదే. దాన్ని ముందుగా మా నాయనమ్మకు నేర్పింది. ఇంటిల్లిపాదీ ఆమెను అవ్వ అనేవాళ్ళం. అవ్వకు చదువు రాదు. తల దువ్వుతూ ఒక్కో చరణం అక్క చెబితే, ఆమె అప్పజెప్పేది. ఈ పాట ఆమెకు ఎంత నచ్చిందంటే, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నా అదే పాడేది.

క్రిస్మస్ ఆరాధనలో ఆ పాట పాడతామని అక్క అడిగితే పెద్దబాపు ఒప్పుకోలేదు. ఆయన అవ్వ పెద్దకొడుకు, ఫ్యాక్టరీలో ఫిట్టరు, మా సంఘ పెద్ద. కఠినుడు కాదు. అక్కకు బైబిలు వాక్యం చదవడం నేర్పింది ఆయనే. అందుకే అక్క వాక్యంతోనే వాదించింది.

"ఐగుప్తు నుంచి తెచ్చిన బంగారంతోనే గద పెద్దబాపూ, దేవుని గుడారం కట్టింది?"

"జనం దేవుడని మొక్కిన దూడను చేసింది గూడ గా బంగారంతోనే బిడ్డా," అన్నాడాయన. తర్వాత మెల్లగా, "నువ్వు పాట ఎత్తుకోంగనే అందరి కండ్ల ముందర గా వానల తడిసిన పిల్లనే నిలవడ్తది. ఇగ ప్రార్థన ఏం జేస్తరు?" అన్నాడు.

ఈ పాట వద్దంటే ఈ క్రిస్మస్‌కు తాను పాటలకు ముందు నిలబడనని చెప్పి అక్క లేచిపోయింది. అలా అన్నదే గాని, ఆ వారమంతా మిషను మీద ఆమె నోట ఏ పాటా రాలేదు.

పెద్దబాపుకు మధ్యాహ్నం సద్ది తీసుకుపోవడం అవ్వ పని. బడికి సెలవులు కాబట్టి ఒక రోజు నేనూ వెంట ఉన్నాను. పెద్దబాపు గేటు బయటికి వచ్చి సద్ది గిన్నె అందుకుంటున్నాడు. అప్పుడే హోటలు మైకులో ఆ పాట మొదలైంది. అవ్వకు చెవులు మందం. పైగా ఆ గరగరలో మాటలు తెలియవు, రాగమొక్కటే తెలుస్తుంది. అవ్వ ఉన్నచోటనే ఆగి, ఆరాధనలో లాగే నెత్తి మీద కొంగు కప్పుకుని, కండ్లు మూసుకుని చేతులు జోడించింది.

బండ్లవాళ్ళు నవ్వారు. "ఏందవ్వా, హీరోకు మొక్కుతున్నవా?" అని ఒకడు అడిగాడు.

ఆమె పాట అయిపోయేదాకా కదలలేదు. తర్వాత కండ్లు తెరిచి కొడుకును చూసి, "ఇన్నవా కొడుకా? మన పిల్ల కట్టిన పాట హోటల్ల గూడ పెట్టిండ్రు," అంది.

అది సినిమా పాట అని పెద్దబాపు చెబుతాడనుకున్నాను. ఆయన ఆమె ముఖం వైపు చూశాడు. "ఇన్న అవ్వా," అని మాత్రం అన్నాడు. బండివాడు ఇంకేదో అనబోతే చేత్తోనే ఆపాడు.

సాయంత్రం డ్యూటీ దిగి తిన్నగా మా ఇంటికొచ్చాడు. మిషను పక్కన నిలబడి, పాట పాడుకోమని అక్కతో చెప్పాడు. "తప్పట్లు మాత్రం వద్దు. తప్పట్లు కొడ్తె సినిమా అయితది," అన్నాడు. అక్క తల వంచుకుని మిషను తొక్కుతూనే ఉంది. సూదిలో దారం లేదని నాకు కనిపిస్తూనే ఉంది.

క్రిస్మస్ నాడు అక్క పాట ఎత్తుకుంది. రెండో చరణానికి సంఘమంతా అందుకుంది. ఎవరి కండ్ల ముందు ఏం నిలిచిందో దేవునికే తెలుసు. మాట ప్రకారం ఎవరూ తప్పట్లు కొట్టలేదు, అవ్వ తప్ప. ఆ నిబంధన ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన పెద్దబాపు కండ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు.

ఆ సినిమాను తర్వాత జనం మరిచిపోయారు. అక్క పాట మాత్రం ప్రతి క్రిస్మస్‌కు పాడుతూనే వచ్చాం. ఇంట్లోకి టీవీ వచ్చాక ఒకసారి ఆ పాత పాట వేస్తే, మా తమ్ముని బిడ్డ ఉరికొచ్చి, "అత్తా, మన క్రిస్మస్ పాటను వీళ్ళు కాపీ కొట్టిండ్రు," అని ఫిర్యాదు చేసింది. అప్పటికి అవ్వ లేదు. తెర మీద వానలో ఒక జంట తడుస్తోంది. నాకు కనిపించింది మాత్రం ఫ్యాక్టరీ గేటు ముందు కొంగు కప్పుకుని నిలబడ్డ మా అవ్వే.