ఒప్పుకుంటే అయిపోతది

ఇళ్ళు కూలగొట్టేవాళ్ళు శనివారమే వస్తారు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ప్లాటు కొనుక్కున్న ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. శనివారం మధ్యాహ్నం గోడ పడగొడితే సోమవారం దాకా కోర్టు తెరవరు, స్టే తెచ్చుకునే దారి ఉండదు. ఆలోగా ఒక రేకుల షెడ్డు లేపి అందులో ఒక మనిషిని కూర్చోబెడితే, ఇక వాడు పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు. ఇంత తెలివి మంచి పనికి వాడి ఉంటే మా దిక్కు రోడ్లు ఎప్పుడో బాగుపడేవి.

మా ఇంటికి వచ్చిందీ శనివారమే. రింగు రోడ్డు వస్తుందని మాట పుట్టి, లాల్‌గడి మలక్‌పేట వైపు చెలక భూముల రేట్లు పూటకో తీరుగా పెరుగుతున్న కాలం. మా నాయిన మేడ్చల్‌లో బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఆ సంపాదనతోనే చాలా ఏళ్ళ కిందట ఆ చెలకల్లోనే ఒక రైతు దగ్గర ప్లాటు కొని, రిజిస్ట్రేషన్ చేయించి, రెండు గదులు వేశాడు. ఇప్పుడు ఆ రైతు తమ్ముడి కొడుకు వచ్చి అందులో తన వాటా ఉందన్నాడు. మేం కొన్నప్పుడు అక్కడ గడ్డి కూడా సరిగ్గా మొలిచేది కాదు, అప్పుడు వాటా గుర్తు రాలేదు. తెల్లచొక్కా తొడుక్కుని, రియల్ ఎస్టేటూ రాజకీయమూ కలిపి చేయడం మొదలుపెట్టాక గుర్తొచ్చింది.

ఆ రోజు నాయిన దుకాణంలో ఉన్నాడు. డిగ్రీ చదువుతున్న నేనూ, అమ్మా ఇంట్లో ఉన్నాం. ఆ తెల్లచొక్కావాడి మనుషులు గడ్డపారలతో ముందు ప్రహరీ పడగొట్టారు. అమ్మ మొత్తుకుంటూనే ఉంది. ఒకడు చెప్పులతో వంటింట్లోకి వచ్చి బియ్యం డబ్బా ఎత్తి బయటికి విసిరాడు. మళ్ళీ లోపలికి వచ్చి గ్యాసు సిలిండర్ మీద చెయ్యి వేశాడు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. అమ్మ ఆ గిన్నె ఎత్తి వాడి కాళ్ళ మీద కుమ్మరించింది. వాడు కేకలు పెడుతూ బయటపడ్డాడు, మిగతావాళ్ళు వాణ్ణి జీపులో వేసుకుని పోయారు. మా గదులు ఆ పూటకు అలా మిగిలాయి.

నాయినా మేమూ కలిసి పోలీసు స్టేషనుకు పోతే, ఇది జాగ పంచాయితీ, సివిల్ కిందికి వస్తుంది, కోర్టుకు పొమ్మన్నారు. మా గోడ సివిల్, మట్టిలో పోసిన మా బియ్యం సివిల్. వాడి కాలు మాత్రం క్రిమినల్. చీకటి పడక ముందే అమ్మ మీద కేసు రాశారు. ఆనాటి మంట నాకు ఇంకా చల్లారలేదు, చల్లారాలని కూడా నాకు లేదు.

సోమవారం పోయి ఇంటి మీద స్టే తెచ్చుకున్నాం. అట్లా కేసులు రెండయ్యాయి. ఇంటిది సివిల్ కోర్టులో, అమ్మది క్రిమినల్ కోర్టులో. ఒకదానికి ఒక వకీలు, రెండోదానికి ఇంకో వకీలు.

ఇక మా కాలనీ సంగతి. అమ్మ ముఖం మీద అందరూ మంచి పని చేశావన్నారు. గోడ పడుతుంటే కిటికీల్లోంచి చూసినవాళ్ళే అందరూ. సాక్ష్యం చెప్పమంటే మాత్రం ఒకరికి డ్యూటీ, ఒకరికి బీపీ. ఆడమనిషి అంత తెగించకూడదని చాటున అన్నారు. అసలు బాధ వేరే ఉంది. మా ఇంటి లొల్లితో కాలనీకి చెడ్డపేరు వస్తే వాళ్ళ ప్లాట్ల రేట్లు పడిపోతాయి. ఆ మాట కాలనీ పెద్దమనిషి మా వరండాలో కూర్చుని, మా చాయ్ తాగుతూ, మాకే చెప్పాడు.

ఇంట్లోకి చొరబడినవాణ్ణి ఆపుకునే హక్కు చట్టంలోనే ఉందని క్రిమినల్ వకీలు చెప్పాడు. దాన్ని రుజువు చేసుకోవడానికి ఎన్నేళ్ళైనా పట్టొచ్చని కూడా ఆయనే చెప్పాడు. వాయిదా ఉన్నప్పుడల్లా నాయిన దుకాణం మూసేవాడు. తీరా పోతే కేసు పిలవకుండానే ఇంకో వాయిదా. చేతిలో డబ్బు అయిపోయింది. నేరం ఒప్పుకుంటే జరిమానాతో ఒక్కపూటలో తేలిపోతుందని వకీలు సలహా ఇచ్చాడు. కాలనీ మొత్తం ఆ సలహాను పట్టుకుని మా మీద పడింది. నాయిన కూడా తల ఊపాడు.

అమ్మ ఒక్కటే అడిగింది. "ఒప్పుకుంటే తప్పు నాదైనట్టే గద?"

"మాటకు ఒప్పుకునుడే చెల్లె" అన్నాడు పెద్దమనిషి. "ఫైను కడితే అయిపోతది."

అమ్మ ఒప్పుకుంది. జరిమానా కట్టి బస్సెక్కాం. సివిల్ వకీలును ఒక్కమాట అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. కేసు అంటే కోర్టులో కట్టే కరెంటు బిల్లు అన్నట్టు, కట్టేస్తే పీడ పోతుందనుకున్నాం.

ఇంటి కేసులో అమ్మ బోనెక్కిన రోజు అవతలి వకీలు ఆ తీర్పు కాగితాన్నే జడ్జిగారి ముందు పెట్టాడు. జాగ తన పార్టీ స్వాధీనంలోనే ఉందట, అమ్మే వచ్చి దాడి చేసిందట, ఆ సంగతి ఆమే కోర్టులో ఒప్పుకుందట. ఒప్పుకున్నావా లేదా, అవునో కాదో చెప్పమన్నాడు.

"ఒప్పుకున్న సార్" అంది అమ్మ. "అందరు జెప్పంగ ఒప్పుకున్న. నేను జేసిన తప్పు గదొక్కటే."

అవును అని మాత్రమే రాసుకున్నారు.

ఆ తర్వాత మా వకీలే ధైర్యం వదిలేశాడు. కాలనీ పెద్దలు మధ్యలో కూర్చుని రాజీ కుదిర్చారు. మా ప్లాటులో సగం తెల్లచొక్కా మనిషికి రాసివ్వాలి, మిగతా సగం జోలికి అతను రాడు. నాయిన సంతకం పెట్టాడు. డబ్బు పెట్టి కొన్న జాగలో సగం దొంగకు ధారపోస్తే దాన్ని సెటిల్‌మెంట్ అంటారని నాకు అప్పుడే తెలిసింది. ఆ నెలలోనే కాలనీలో ప్లాటు రేటు పెరిగింది.

రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం పెద్దమనిషి ఇంకో ఇద్దరిని వెంటేసుకుని మా ఇంటికి వచ్చాడు. ఇగ లొల్లి ఖతం, అందరికీ మంచిదైంది అంటూ చెప్పులు విడిచి వరండా ఎక్కి లోపలికి రాబోయాడు. ఎప్పుడు వచ్చినా వాళ్ళకు కుర్చీలు వేసిన అమ్మ, ఆ రోజు రెండు చేతులూ దర్వాజాకు ఆనించి అడ్డంగా నిలబడింది.

"గీ సగమన్న నా ఇల్లే గద" అంది. "మీరు లోపటికి రాకుండ్రి."

వాళ్ళు నాయిన వైపు చూశారు. నాయిన అమ్మ వెనకే నిలబడి ఉన్నాడు. వాళ్ళు చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. దానికి అమ్మ మీద ఎవరూ కేసు పెట్టలేదు.