ఎగిరిపోయే గుడ్లగూబ

2023 శీతాకాలం. మాంట్రియల్‌లో పిల్లల వీడియో గేమ్‌లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నేను క్యూఏ లీడ్‌ని. అంటే ఆట బయటికి వెళ్లే ముందు అందులో తప్పులు వెతికే బృందానికి పెద్దని. ఇంట్లో నా అనుమానాన్ని జబ్బంటారు. ఆఫీసులో దానికే జీతమిస్తారు.

అప్పుడు మా చేతిలో ఉన్న ఆటలో పిల్లలు అడవిలో తిరుగుతూ జంతువులకు ఫొటోలు తీయాలి. కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక మా దగ్గర కాంట్రాక్టు మీద చేరిన లావణ్య ఒక బగ్ రాసింది. కెమెరా ఎత్తగానే గుడ్లగూబ ఎగిరిపోతోందట. మిగతా టెస్టర్లెవరికీ అది ఎగరలేదు. ఇలా మరొకరి చేతిలో మళ్లీ జరగని తప్పును మేం 'నో రిప్రో' అంటాం. ఆమె మళ్లీ రాసింది. మళ్లీ నో రిప్రో.

"కాంట్రాక్టు అయిపోవస్తోందిగా, పని చూపించుకోవడానికి కల్పిస్తోందేమో" అన్నాడు మేనేజర్. బగ్ నిజమని తేలకపోతే పొడిగింపు లేదన్నాడు. కెనడాలో శాశ్వతంగా ఉండేందుకు పీఆర్‌కి అప్లై చేయాలంటే ఆ అమ్మాయికి ఈ ఉద్యోగమే ఆధారం. నాకూ అనుమానంగానే ఉంది. తెలుగమ్మాయని వెనకేసుకొచ్చాననుకుంటారని ఇంకాస్త గట్టిగానే అడిగాను.

"నిజం చెప్పమ్మా. అది ఎగురుతోందా, నువ్వే ఎగరేస్తున్నావా?"

"నేనెందుకు ఎగరేస్త అక్కా? నా కండ్ల ముంగటనే లేచిపోతది."

పక్కన కూర్చుని ఆడమన్నాను. గుడ్లగూబ కొమ్మ మీంచి కదల్లేదు. ఫొటో చక్కగా వచ్చింది. లావణ్య మొహం పాలిపోయింది, నా అనుమానం ముదిరింది.

కాఫీకని లేచి, సగం దూరం వెళ్లి, తిరిగొచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాను. హెడ్‌సెట్ పెట్టుకుని ఉంది కాబట్టి నా అలికిడి తెలియలేదు. ఎలుగుబంటిని తీసింది, దుప్పిని తీసింది. గుడ్లగూబ కనపడగానే ఆమె పెదాలు కదిలాయి.

"హుష్."

గుడ్లగూబ ఎగిరిపోయింది.

"ఇప్పుడేమన్నావు?"

ఉలిక్కిపడింది. "ఏమనలే అక్కా."

"హుష్ అన్నావు."

కాసేపు ఆలోచించి సిగ్గుపడింది. "గుడ్లగూబ ఇంటి మీద వాలితే మంచిది కాదని మా నాయనమ్మ అట్లనే ఎల్లగొట్టేది. నోటికి అలవాటైనట్టుంది. మీరు పక్కనుంటే నోరు లేవలే."

నవ్వబోయి ఆగిపోయాను. బొమ్మ గుడ్లగూబకు ఆ మాట ఎలా వినపడింది? పిల్లలు చప్పుడు చేస్తే జంతువులు పారిపోయేలా మొదట ఒక ఏర్పాటు ఉండేది. దానికి మైక్ కావాలి, మైక్‌కి తల్లిదండ్రుల అనుమతి కావాలి. అందుకే తీసేశామని ప్రోగ్రామర్లు చెప్పారు. స్క్రీన్ మీద కూడా మైక్ ఆఫ్ అనే ఉంది. లోపల మాత్రం అది వింటూనే ఉంది. మౌనంగా పనిచేసే మా టెస్టర్లకు అది దొరకలేదు. రేపు ఎవరి ఇంట్లో ఏ మాటలు వింటుందోనని భయమేసింది.

మేనేజర్‌ని పిలిచి, హెడ్‌సెట్ చేతికిచ్చి, హుష్ అనమన్నాను. అన్నాడు. గుడ్లగూబ ఎగిరిపోయింది. ఆట విడుదల ఆగింది. లావణ్య ఉద్యోగం ఆగలేదు.

ఒక తప్పు ఒక్కరికే కనపడుతోందంటే, ఆ మనిషిని కాదు, ఆ మనిషి ఒక్కరే చేస్తున్న పనేమిటో చూడాలని అప్పుడు తెలిసింది. అనుమానం మాత్రం మానలేదు. మా పాప కొత్త ఆట పెట్టుకున్నప్పుడల్లా వెనక నిలబడి "హుష్" అంటాను. "అమ్మా, నాట్ అగైన్" అని విసుక్కుంటుంది. ఏదీ ఎగరకపోతేనే ఆడనిస్తాను.