పచ్చికాయల క్లాసు

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసిన రోజున మా లెక్కల మాస్టారు పిల్లలందరికీ పిప్పరమెంటు బిళ్ళలు పంచారని ఊళ్ళో చెప్పుకుంటారు. అబద్ధం. పంచింది సైన్సు మాస్టారు. అలాంటి నేను ఒక ఆశ్రమ పాఠశాలలో, తొమ్మిదో తరగతి మగపిల్లలకి, అదీ సైన్సు పాఠం చెప్పాను.

చింతపల్లి నుంచి గూడెం కొత్తవీధికి జీపు తోలతాను. ఆసుపత్రి నర్సుని, అంటే మా అందరి సిస్టరమ్మని, అప్పుడప్పుడూ ఆ బడి దగ్గర దింపుతుంటాను. వయసొచ్చే పిల్లలకి ఒంట్లో జరిగే మార్పులు ఆవిడ బొమ్మలు చూపించి చెబుతుంది. ఆ పాఠం పుస్తకంలోనూ ఉంది. కాకపోతే మాస్టార్లు ఆ పేజీ రాగానే "ఇది మీరే చదువుకోండి" అని తిప్పేస్తారు.

ఆ రోజు దారంతా ఆవిడ దిగులుగా ఉంది. ఒక పిల్లాడు రేకుపెట్టె సర్దుకున్నాడట. తోటివాళ్ళకి మీసాలు మొలిచి గొంతులు మారినా, వాడు మాత్రం పొట్టిగా, సన్నగొంతుతో అలాగే ఉండిపోయాడు. నోరు తెరిస్తే క్లాసంతా నవ్వు. దాంతో మాట్లాడడమే మానేశాడు. శనివారం నా జీపెక్కి ఇంటికి పోతాడు, మళ్ళీ రాడు.

"నా ముందర మగపిల్లలు నోరిప్పరు తమ్ముడూ, బల్లలు గీకుతారు. నువ్వు లోపలికి రా. జీపులో సెప్పే కబుర్లేవో అక్కడ సెప్పు."

బొమ్మల చార్టు పట్టుకుని వెళ్ళాను. నన్ను చూడగానే కేకలు.

"మావా! నువ్వేటి బళ్ళో? దారి తప్పినావా?"

"ట్రాన్స్‌ఫర్ మీదొచ్చినాన్రా!"

మొటిమలు, చంకల్లో వెంట్రుకలు, నిద్రలో నిక్కరు తడవడం, ఇవేవీ జబ్బులు కావని సిస్టరమ్మ చెప్పింది. బల్లలు గీకుతున్నారు. ఇక నేను దిగాను.

"ఒరే, మీ కాఫీ తోటల్లో ఒక కొమ్మకున్న కాయలన్నీ ఒక్కరోజే ఎర్రబడతాయేటి?"

"నేదు మావా!"

"పచ్చియి కోసేత్తారేటి?"

"వదిలేత్తాం! పండినాక కోత్తాం!"

"మరి పక్కది పండిందని పచ్చికాయ సిగ్గుపడతాదేటి?"

గది గొల్లుమంది. ఆ ఊపులో నన్ను నేను అప్పుడే హెడ్మాస్టరు కుర్చీలో ఊహించేసుకున్నాను. ఇంతలో వెనక బల్ల మీసాలవాడు లేచాడు.

"ఆఖరి కోతకి పచ్చియీ పండినియీ కలిపి దూసేత్తాం గదా మావా. మరి ఆటి సంగతేటి?"

నిజమే. ఆఖరి కోతలో కొమ్మని పిడికిట పట్టి, ఉన్నవన్నీ దూసేస్తారు. కాఫీ తోటల్లో పుట్టి పెరిగి ఆ సంగతే మరిచిపోయాను. క్లాసంతా ఒకవైపే చూసింది. ఆ పొట్టివాడు లేచి నిలబడ్డాడు.

"నాకు ఆఖరి కోత ఎప్పుడు సిస్టరమ్మా?"

ఎన్నాళ్ళకో విన్న గొంతు. ఎవడో కిసుక్కుమన్నాడు. సిస్టరమ్మ చూపుకి అక్కడే ఆగాడు.

"మనుసులకి ఆఖరి కోత నేదు నాయినా. ఒకరికి ముందు, ఒకరికి ఎనక. ఇంకొన్నాళ్ళు సూద్దాం. అప్పటికీ నీకు బెంగుంటే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెల్తాను. ఈ మావ సెప్పింది సగమే నమ్మండి."

"నాకూ బెంగే," అన్నాడు మీసాలవాడు. "నా గొంతేటి ఇలా..." అనేసరికి గొంతు చీలి మేకపిల్ల అరుపు బయటికొచ్చింది. గది మళ్ళీ పేలింది. అందరికంటే ఎక్కువ నవ్వింది పొట్టివాడే. ఆ తర్వాత ప్రశ్నలు ఆగలేదు. పనసపండు తింటే మొటిమలొస్తాయా? గీకితే మీసం బేగి వస్తుందా? ఒకడైతే మూతికి రోజూ ఆముదం రాస్తున్నానని ఒప్పేసుకున్నాడు.

శనివారం పొట్టివాడు జీపు దగ్గరకొచ్చాడు. ముందు వాడి చేతులే చూశాను. గుడ్డసంచీ ఒక్కటే.

"పెట్టె ఏదిరా?"

"హాస్టల్లోనే ఉంది మావా. సోమారం వచ్చేత్తాను."

ప్రాణం లేచొచ్చింది. కానీ నా నోరు ఊరుకోదు కదా. జీపులో సగం సీట్లు ఖాళీ, జనం కోసం చూస్తున్నాం.

"ఏరా పచ్చికాయా, ఇంకెప్పుడు పండుతావు?"

వెనక కూర్చున్న ఆడవాళ్ళందరికీ వినబడేలా, ఆ సన్నగొంతుతోనే అరిచాడు:

"నీ జీపు నిండడానికే మజ్జాన్నం అయిపోతంది. నన్ను తొందరపెడతావేటి మావా?"