వెనక నిలబడి అన్న మాట

చెవుడు రావడం ఒక ఎత్తు. వచ్చిందని నలుగురి ముందు రుజువు చేసుకోవడం ఇంకో ఎత్తు. మొదటిది నాకు రెప్పపాటులో అయిపోయింది. రెండోదానికి విజయనగరం జట్కా గుర్రాలు కూడా నన్ను గుర్తుపట్టేంత కాలం పట్టింది.

పంతొమ్మిదివందల అరవైల చివర్లో నేను విజయనగరం దగ్గర ఒక జనపనార మిల్లులో మగ్గం నడిపేవాణ్ణి. చదువు ఐదో తరగతితోనే ఆగింది. చదువు రాక కాదు, మేష్టారి మీద నేను కట్టిన పాట మేష్టారి దాకా వెళ్లడం వల్ల. మిల్లులో మాత్రం నా నోటికి మంచి గిరాకీ ఉండేది. పక్క మగ్గం నా భార్య అన్నగారిది. వాళ్లది నరసన్నపేట వైపు. బావ అంటే బావే మరి. పొద్దున్న ఒకడు మొదలుపెడితే, మిల్లు కూత కూసేదాకా ఒరే అంటే ఒరే అని ఒకణ్ణొకడు ఏకేసుకునేవాళ్లం.

గోనె నేసే మగ్గాలు వరసగా ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకే మిల్లువాళ్లు పెదాలతో మాట్లాడుకుంటారు. గొంతు పెట్టరు, నోరు మాత్రం బాగా తిప్పుతారు. వినేవాడు కళ్లతో వింటాడు. ఇది ఎవరూ నేర్పరు, దానంతటదే పట్టుబడుతుంది. మాట వినకూడదనుకుంటే మొహం తిప్పుకుంటే చాలు. చెవులు మూసుకున్నట్టే.

నా మగ్గం వెనకనుంచి ఆవిరి గొట్టం పోయేది. దాని అతుకు దగ్గర సన్నగా కారుతోందని మేస్త్రికి చెప్పాం. ఆయన వచ్చి చూసి, తడి గోనెపట్టా ఒకటి చుట్టించాడు.

"ఆదివారం మిల్లు ఆగుతాది గదా, అప్పుడు సూద్దాంలే" అన్నాడు.

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. గోనెపట్టా మాత్రం పర్మినెంటు అయిపోయింది. ఒకనాడు తెగిన పోగు ముడెయ్యడానికి వంగితే ఆ అతుకు నా తల పక్కనే పేలింది. మెడ కాలింది, మానింది. చెవులు మానలేదు. ఆసుపత్రిలో డాక్టరు చాలాసేపు చూసి, రెండు అరచేతులూ వెల్లకిలా తిప్పాడు. ఆ భాష నాకు ముందే వచ్చు.

అప్పటినుంచి నా పనల్లా ఆ సంగతి దాచడమే. నోరే నా ఆస్తి. ఎదుటివాడి మాట వినబడకపోతే ఆ నోటితో ఏం చేసుకోను? టీ దుకాణంలో ఎవడూ అడక్కముందే నేనే అందుకునేవాణ్ణి. మాట్లాడేవాడి మొహం కనబడేలా కూర్చునేవాణ్ణి. మొహం కనబడకపోతే చుట్టూ ఉన్నవాళ్లని చూసేవాణ్ణి. వాళ్లు నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి, అందరికంటే కొంచెం గట్టిగా. ఊళ్లో సగం మందికి నా చెవుడు సంగతే తెలీదు. తెలిసిన నా భార్య మాత్రం పొయ్యి దగ్గర ఉన్నా లేచి, నా ఎదురుగా వచ్చి మాట్లాడేది.

మెడ మీద గాయం సాకు చూపి మిల్లువాళ్లు నన్ను మగ్గం నుంచి తీసి గోడౌను ఊడ్చే పనిలో పెట్టారు. నేను దాని మీద కూడా నలుగుర్ని నవ్వించాను. ఇంట్లో నవ్వలేదు.

"ఆళ్లు గొట్టం బాగుసెయ్యక నీ సెవులు తీసేరు" అంది నా భార్య. "అడగడానికి నీకు నోరు నేదా? ఊరందరి మీదా లేస్తాది గదా ఆ నోరు!"

అలా నష్టపరిహారం దావా వేశాం. మిల్లువాళ్ల జవాబు చాలా సుళువు: మనిషికి చెవుడే లేదు, ఇంక పరిహారం దేనికి?

మొదటి వాయిదాకి ముందు మా ప్లీడరు నాకు మరీమరీ చెప్పాడు. దావా వినే అధికారి ఏమడిగినా నోరెత్తొద్దు, నా వైపు చూడు, నేను కాగితం మీద రాసి చూపిస్తాను అని. బుద్ధిగా తలూపాను. తీరా వెళ్లి చూస్తే అధికారిగారికి మీసం లేదు. విడివిడిగా, ముత్యాల్లాంటి మాటలు పలికే నోరు. ఆయన నా పేరడిగాడు. ఆ అడగడంలో మొద్దుని చూసే జాలి ఒకటి ఉంది. నాకు ఒళ్లు మండింది. పేరు చెప్పేశాను. ఊరు చెప్పేశాను. మా ప్లీడరు నా కాలు తొక్కుతున్నాడు.

"పెళ్లయిందా?" అన్నాడు అధికారి.

"అయింది బావూ. వినపడ్డం అప్పట్నించే తగ్గింది."

ఆయన నవ్వాడు. గుమస్తా నవ్వాడు. మిల్లు ప్లీడరు నవ్వుతూనే లేచి, "ఇతనికేనా అండీ చెవుడు?" అన్నాడు. వెనక బల్ల మీద నా భార్య ఒక్కర్తే నవ్వలేదు. ఒక్క నవ్వు కోసం తన నోటి దగ్గర కూడు తన్నేసిన మొగుణ్ణి చూస్తూ కూర్చుంది. పెదాల సంగతి మా ప్లీడరు ఎంత వివరించినా, అది కట్టుకథలాగే ఉంది.

తర్వాత వాయిదాకి మిల్లువాళ్లు మా బావని సాక్షిగా తెచ్చారు. వాడి మగ్గం వాళ్ల చేతిలో ఉంది, రానంటే కుదరదు. నా వైపు చూడకుండానే చెప్పాడు.

"ఈడు నాకు నిన్న కూడా జవాబు సెప్పేడు బావూ. అది నిజం. నాను ఎదర నిలబడితేనే సెప్తాడు. అదీ నిజం."

అధికారి కలం కింద పెట్టాడు. నన్ను కుర్చీ జనం వైపు తిప్పుకుని కూర్చోమన్నాడు. తిప్పుకున్నాను. నాకెదురుగా బల్లల మీద మిల్లువాళ్లు, మూలన నా భార్య. నా వెనక ఏం జరుగుతోందో నాకు తెలీదు. బావని తెచ్చి నా వీపు వెనక నిలబెట్టారని, మామూలుగా ఎలా అంటావో అలాగే ఏదైనా అనమన్నారని తర్వాత తెలిసింది.

ముందు అందరి మొహాలూ బిగుసుకున్నాయి. తర్వాత ఒకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకొకడు ఆగలేకపోయాడు. బల్లలన్నీ ఊగాయి. ఎవడో మంచి జోకేశాడనుకున్నాను. అలవాటు ప్రకారం నేనూ నవ్వాను, అందరికంటే కొంచెం గట్టిగా.

చూస్తుండగానే ఒక్కొక్క నోరూ మూసుకుంది. అప్పటికి నవ్వుతున్నది నేనొక్కణ్ణే. నా భార్య కొంగు మొహం మీదికి లాక్కుంది.

అధికారి ఏదో రాసుకున్నాడు. కేసు గెలిచింది అక్కడే.

బయటికొచ్చాక నా భార్యని ఆపాను.

"ఏటన్నాడే మీ అన్న?"

"ఏటీ నేదు."

"సెప్పు."

"సెప్పను. ఆ మాట నీకు వినపడ్లేదు. దేముడు నీకు సేసిన మేలు అదొక్కటే. ఒగ్గీ, ఇంక అడక్కు."

ప్లీడరుని అడిగితే కాగితాల కట్ట విప్పి మళ్లీ కట్టాడు. బావ జట్కా పక్కన నిలబడి ఉన్నాడు. దగ్గరికి వెళ్లాను.

"ఒరే బావా, ఏటన్నావురా? బాగుంటే నానూ వాడుకుంతాను."

వాడి పెదాలు కదలబోయాయి. అంతలో మొహం గుర్రం వైపు తిప్పేసుకున్నాడు. దవడ ఆడడం మాత్రం కనబడింది. రెండోసారి కూడా వాడు నా వెనకే మాట్లాడాడు.

నా గురించా, మా అమ్మ గురించా, వాడి సొంత చెల్లెలి గురించా? నన్ను గెలిపించడానికి, వింటే ఏ మగాడూ కుర్చీలో కూర్చోలేని మాట వెతికి అన్నాడా? లేక మిల్లువాళ్లు అనమంటే అన్నాడా? ఆ హాల్లో ఉన్న గుమస్తాకి తెలుసు, బంట్రోతుకి తెలుసు. దానికి పగలబడి నవ్వినవాడికే తెలీదు.

పరిహారం వచ్చింది. చెవుడు తేలింది కాబట్టి గోడౌను పని కూడా పోయింది. ఆ డబ్బుతో గేదెల్ని కొనుక్కుని బతికాం. ఇప్పటికీ నలుగురు నవ్వుతుంటే నేను ముందు నా భార్య మొహం చూస్తాను. ఆవిడ నవ్వితేనే నవ్వుతాను.

బావ వస్తూనే ఉంటాడు. వచ్చి సరిగ్గా నా ఎదురుగా, వెలుతుర్లో కూర్చుంటాడు. నోరు బాగా తిప్పుతూ ఒక్కొక్క మాటా పలుకుతాడు. వాడి బట్టతల మీద నేనొక మాట విసురుతాను. తిరిగి ఏం విసురుతాడా అని వాడి పెదాల వంకే చూస్తూ కూర్చుంటాను.

"అంతేలెండి బావగారూ" అంటాడు.